హనుమకొండలో ఇంటి పెరట్లో బాతులు పెంచాలంటే ఎంత ఖర్చవుతుంది? ఏమేం కొనాలి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: హనుమకొండలో సొంత ఇల్లు, వెనుక కాస్త ఖాళీ స్థలం, బోరు ఉన్నాయి. సంతలో బాతుపిల్లలను చూసిన దగ్గర్నుంచి పిల్లలు పట్టిన పట్టు విడవడం లేదు. రెండు తెచ్చుకుంటే మొదట ఎంత పెట్టాలి, నెలకు ఎంత అవుతుంది, గుడ్లు అమ్మితే మేత ఖర్చు తిరిగి వస్తుందా, ఈతకు ప్లాస్టిక్ కొలను కొనాలా అని అడిగారు.

ముందు జవాబు. రెండు కాదు, నాలుగు బాతులకు లెక్క చెబుతాను. ఎందుకో కింద రాశాను. గూడు, తొట్లు, బాతుపిల్లలు, అవి గుడ్లకు వచ్చేదాకా తినే మేత కలిపి మొదటి ఐదు నెలల్లో 9,000 నుంచి 11,000 రూపాయలు. ఆ తర్వాత నెలకు 800 నుంచి 1,000. ఈ మొత్తంలో పిల్లల ధర 400 దాటదు. పిల్ల వంద రూపాయలే కదా అని అక్కడే లెక్క ఆపేసినవారు ఆ తర్వాత తల పట్టుకోవడం చాలాసార్లు చూశాను. బాతుల పెంపకంలో డబ్బు పోయేది రాత్రి గూటికి, మేతకు. ఓపిక పోయేది నీళ్ల దగ్గర. నీళ్లంటే తెచ్చిపోసేవి కావు, వాడాక బయటికి పోవలసినవి.

నేను పశుసంవర్ధక శాఖలో కింది స్థాయి ఉద్యోగిగా పనిచేసి రిటైరయ్యాను. ధర్మసాగర్ వైపు ఉన్న మా ఇంట్లో చాలా ఏళ్లుగా బాతులు పెంచుతున్నాం. ఇక్కడ చెప్పే ధరలు నేను, మా చుట్టుపక్కల వారు ఈ మధ్య పెట్టినవి. మీ దుకాణంలో కొంత అటూ ఇటూ ఉంటాయి.

రెండు ఎందుకు వద్దు? బాతు మందలో బతికే పక్షి. రెండింటిలో ఒకటి పోతే మిగిలింది పొద్దంతా అరుస్తూ మేత మానేస్తుంది. పైగా చిన్న పిల్లల్లో ఆడా మగా తేడా తెలియదు. రెండూ మగవైతే గుడ్లే ఉండవు. ఒక ఆడ, ఒక మగ అయితే మగది దాని వెంటే పడి మెడ మీద ఈకలు పీకేస్తుంది. ఒక మగ, మూడు ఆడ, లేదా నాలుగూ ఆడ అయితే ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది. ఏడెనిమిది వారాలకు గొంతు మారుతుంది. ఆడది గట్టిగా బెకబెకమంటుంది, మగదాని గొంతు జలుబు చేసినట్టు బొంగురుగా ఉంటుంది. అంతవరకు ఆగిన పిల్లలు దొరికితే పిల్లకు వంద ఎక్కువైనా అవే కొనండి. తర్వాత మగవాటిని ఎవరికి ఇవ్వాలన్న బాధ తప్పుతుంది.

ఇక నీళ్లు. కోడి నీళ్లు తాగి ఊరుకుంటుంది. బాతు మేతను నీళ్లతో కలిపి మింగుతుంది, ముక్కు, కళ్లు కడుక్కుంటుంది, ఈకలు శుభ్రం చేసుకుంటుంది, చివరికి అందులోనే రెట్ట వేస్తుంది. తల మొత్తం మునిగేటట్టు కనీసం ఐదారు అంగుళాల లోతు ఉండాలి. లేకపోతే ముక్కు రంధ్రాలు మేతతో పూడుకుపోతాయి, కళ్లు పుసికట్టి వాస్తాయి. అందుకే కోళ్లకు పెట్టే బోర్లించిన డ్రింకరు పెద్ద బాతులకు పనికిరాదు. తాగడానికి ఒక వెడల్పాటి బకెట్టు, స్నానానికి 50, 60 లీటర్ల టబ్బు ఒకటి తీసుకోండి. రెండూ కలిపి 800 రూపాయల్లో వస్తాయి. పాత ఇంట్లో వాడకం లేని సిమెంటు గోలెం ఉంటే ఆ ఖర్చూ లేదు.

టబ్బు నీళ్లు రోజూ మార్చాలి. రోజుకు 60 లీటర్లంటే నెలకు 1,800 లీటర్లు. బోరు ఉన్నవారికి ఇది పెద్ద ఖర్చు కాదు. ఏప్రిల్, మే నెలల్లో బోరు అడుగంటి ట్యాంకరు తెప్పించుకునే వీధి అయితే మాత్రం ఇంటి నీళ్లతో పాటు వీటికీ లెక్క వేసుకోవాలి. అసలు చిక్కు ఆ పారబోసే 60 లీటర్లది. ఆకుపచ్చగా, చిక్కగా, వాసనతో ఉంటాయి. కాజీపేటలో నాకు తెలిసిన ఒక కుటుంబం మంచి గూడు కట్టించారు, మంచి మేత పెట్టారు. కానీ వాళ్ల పెరడు వాలు పక్కింటి గేటు వైపు. వానాకాలం మొదలయ్యాక రోజూ ఉదయం గొడవే. చివరికి గుడ్లు పెట్టే బాతులను ఊళ్లో బంధువులకు ఇచ్చేశారు. గూడు ఇప్పటికీ అక్కడే ఉంది, అందులో కట్టెలు పేర్చుకున్నారు.

కాబట్టి బాతుల కంటే ముందు ఒక బకెట్టు నీళ్లు మీ పెరట్లో పోసి ఎటు పారుతున్నాయో చూడండి. టబ్బును మిట్ట వైపు, కంకర పరిచిన చోట పెట్టి, అక్కడి నుంచి చిన్న కాలువ తీసి అరటి, చామ, బొప్పాయి మొక్కల పాదులకు మళ్లించండి. ఈ నీళ్లకు అరటి ఏపుగా ఎదుగుతుంది. చెట్లు లేకపోతే రెండడుగుల లోతున ఇంకుడు గుంత తవ్వి రాళ్లు, కంకర నింపితే చాలు. కూలీతో కలిపి 1,000 లోపు అవుతుంది. గూడు, మేత తర్వాత నేను వెనుకాడకుండా పెట్టమనే ఖర్చు ఇదే. కంకర లేకపోతే టబ్బు చుట్టూ నెల తిరక్కుండా బురద అవుతుంది. ఆ బురదలో నిలబడి పాదాల కింద పుండ్లు పడతాయి, అవి మానడం చాలా కష్టం. దోమల భయం పెట్టుకోకండి. రోజూ ఒంపేసే టబ్బులో దోమలు పెరగలేవు; పెరిగినా బాతులు మిగల్చవు.

గూడు. పగలంతా బాతులు పెరట్లోనే తిరుగుతాయి. రాత్రి మాత్రం తలుపు వేయాల్సిందే. ఒక్కోదానికి నాలుగు చదరపు అడుగుల చొప్పున నాలుగింటికి నాలుగడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు సరిపోతుంది. వెల్డింగ్ షాపులో ఇనుప చట్రం, రేకు, జాలీతో చేయిస్తే 4,500 నుంచి 5,500 వరకు అడుగుతారు. పాత తలుపు, రేకులు ఇంట్లో ఉంటే సగానికి సగం తగ్గుతుంది. అన్నిటిలో తగ్గించుకోండి, జాలీలో మాత్రం వద్దు. ఆరు మూలల కోళ్ల జాలీ పక్షిని లోపల ఉంచుతుంది కానీ కుక్కను బయట ఉంచదు. పళ్లతో పట్టి లాగితే విడిపోతుంది. అర అంగుళం కన్నుల వెల్డ్ మెష్ (తీగలను వెల్డింగ్‌తో అతికించిన గట్టి జాలీ) వేయించండి. కన్నులు పెద్దవైతే ముంగిస దూరుతుంది, పందికొక్కు బాతుపిల్లలను ఎత్తుకుపోతుంది. ముంగిస అడుగు నుంచి తవ్వి కూడా వస్తుంది కాబట్టి కింద రాయి గానీ సిమెంటు గానీ ఉండాలి. తలుపుకు కొక్కెం కాకుండా గడియ పెట్టించండి. మన వీధికుక్కల సంగతి నేను వేరే చెప్పాలా?

గడప ఎత్తుగా పెట్టకండి. బాతు మెట్టు ఎక్కలేదు, పైగా నాలుగూ ఒకేసారి తోసుకుంటూ లోపలికి వెళ్తాయి. వాలుగా ఒక చెక్క, వెడల్పాటి తలుపు ఉంటే కాళ్లు బెణకవు. కింద పరచడానికి రైస్ మిల్లులో ఊక దొరుకుతుంది, సంచి 60, 70 రూపాయలు. నెలకు ఒక సంచి. తడిసిన చోట తీసి కొత్తది వేస్తూ ఉండండి. తీసిన ఊక కొన్ని నెలలు కుప్ప వేసి మాగనిస్తే మంచి ఎరువు. గుడ్లు పెట్టడానికి ఒక పళ్ల పెట్టెను పక్కకు పడుకోబెట్టి వరిగడ్డి పరిస్తే మూడు బాతులకు చాలు. అవి తెల్లవారుజామునే గుడ్లు పెడతాయి. ఎనిమిది, తొమ్మిది గంటల దాకా గూడు తెరవకపోతే గుడ్లన్నీ ఒకచోటే దొరుకుతాయి. ముందే వదిలితే చామ మొక్కల కింద వెతుక్కోవాలి.

బాతుపిల్లల దశలో ఖర్చు తక్కువే, జాగ్రత్త ఎక్కువ. అట్టపెట్టె లేదా వెదురు గంప, పైన 60 వాట్ల పాతరకం బల్బు. ఎల్ఈడీ బల్బు వెలుగే ఇస్తుంది, వేడి ఇవ్వదు. ఇది తెలియక చలికాలంలో పిల్లలను పోగొట్టుకున్న ఇళ్లున్నాయి. మొదటి వారం 30 నుంచి 32 డిగ్రీలు, తర్వాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించాలి. మే నెలలో తెస్తే పగలు బల్బు అక్కర్లేదు, డిసెంబరులో తెస్తే నాలుగు వారాలూ కావాలి. కింద న్యూస్ పేపరు పరచకండి, జారి కాళ్లు రెండు వైపులకూ చీలిపోతాయి. గోనెపట్టా వేయండి.

బాతుపిల్లలు టబ్బులో ఈదుతుంటే ఫోనులో వీడియో తీయాలని మీ ఇంట్లో అందరికీ ఉంటుంది. మూడు, నాలుగు వారాల దాకా ఆగండి. తల్లి కింద పొదిగిన పిల్లకు తల్లి ఒంటి నూనె అంటుతుంది, అందుకే నీళ్లలో తడవదు. మిషనులో పొదిగించిన పిల్లకు ఆ నూనె ఉండదు. తడిసి, వణికి, సాయంత్రానికి చనిపోతుంది.

మేత గురించి కొంచెం ఎక్కువే రాస్తాను. బాతుల కోసమే తయారైన మేత మన దుకాణాల్లో నాకు కనిపించలేదు. కోడిపిల్లలకు మొదట పెట్టే స్టార్టర్ మేతతోనే నడపాలి, కిలో 42 నుంచి 45. అది కొనేటప్పుడు మూడు సంగతులు గుర్తుంచుకోవాలి. ఒకటి, రక్తపారుడు రాకుండా మందు కలిపిన స్టార్టర్ కోళ్ల కోసం చేసింది. మందు కలపనిది అడగండి. రెండు, బాతుపిల్లకు నియాసిన్ అనే బి విటమిన్ కోడిపిల్ల కంటే ఎక్కువ కావాలి. అది చాలకపోతే మోకాళ్లు వాచి, కాళ్లు వంకర తిరిగి నడవలేవు. పక్షుల మందులు అమ్మేచోట దొరికే బి కాంప్లెక్స్ ద్రవంలో నియాసిన్ ఉందో లేదో సీసా మీద చూసి, అక్కడ రాసిన మోతాదులో నీళ్లలో కలపండి. ఉడికించిన పచ్చి బఠానీ కూడా మేలు చేస్తుంది. మూడు, తక్కువకు వస్తుందని లేయర్ మేత (గుడ్లు పెట్టే కోళ్ల మేత) పెట్టకండి. అందులోని సున్నం పిల్లల మూత్రపిండాలను పాడు చేస్తుంది. గుడ్లకు వచ్చే ముందు, అంటే నాలుగున్నర నెలల తర్వాతే దాని అవసరం.

గుడ్ల కోసం పెంచే ఖాకీ క్యాంప్‌బెల్ రకం బాతు 20 వారాలు వచ్చేసరికి సుమారు 12.5 కిలోల మేత తింటుంది. నాలుగింటికి 50 కిలోలు, అంటే దాదాపు 2,100 రూపాయలు. ఆ తర్వాత ఒక్కోటి రోజుకు 120 నుంచి 150 గ్రాములు. నెలకు నాలుగింటికి 18 కిలోలు వేసుకోండి, 650 రూపాయలు. పొడి మేత గొంతులో అడ్డుపడుతుంది, నీళ్లతో తడిపి పెట్టండి. తడిపింది ఎండాకాలంలో రెండు గంటల్లో పులిసిపోతుంది కాబట్టి తినేంతే కలపాలి.

సొంతంగా కలుపుకునే వారికి పెద్ద బాతుల కోసం నేను వాడే పాళ్లు: మక్కలు 40, నూకలు 15, తౌడు 20, సోయా చెక్క 20, ఆల్చిప్పల పొడి, ఖనిజ లవణాల మిశ్రమం కలిపి 5. పిండి పట్టించిన ఖర్చుతో కిలో 33, 34 పడుతుంది. 2025-26కి మక్కల మద్దతు ధర క్వింటాలుకు 2,400 రూపాయలు. చిల్లరగా కొంటే ఇంకొంత ఎక్కువ ఇవ్వాలి. నిజానికి నాలుగు బాతుల కోసం ఇంత శ్రమ దండగ. పెంచేవాళ్లు మూడు, నాలుగు ఇళ్లు కలిస్తే వరంగల్‌లోని ఎనుమాముల వ్యవసాయ మార్కెట్ దాకా వెళ్లి తెచ్చుకోవచ్చు.

బూజు పట్టిన గింజ మాత్రం ఇంటికి తేవద్దు. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు అంతుబట్టకుండా చనిపోయాయి, బాతుపిల్లలూ పోయాయి. బ్రెజిల్ నుంచి వచ్చిన వేరుశనగ చెక్కలోని బూజు దానికి కారణమని తర్వాత తేలింది. అఫ్లాటాక్సిన్ అనే విషం సంగతి అప్పుడే బయటపడింది. ఈ విషాన్ని తట్టుకోలేని పక్షుల్లో బాతుపిల్ల ముందుంటుంది. కోళ్లు తిని తిరుగుతున్న మేతకే బాతులు కాలేయం చెడి చనిపోతాయి. మన దగ్గర ప్రమాదం ఎక్కడంటే, మార్కెట్లో వానకు తడిసిన మక్కలు తక్కువకు వచ్చినప్పుడు. పరకాల వైపు ఒక రైతు అలాంటి బస్తా తెచ్చి ఆరబెట్టి పెట్టాడు. పది రోజుల్లో సగం మంద పోయింది. కోళ్లు బాగానే ఉన్నాయి కదా, మేత తప్పెలా అవుతుందని చివరిదాకా అడుగుతూనే ఉన్నాడు. వేరుశనగ చెక్కను నేను అసలు వాడను. మేత నెలకు సరిపడా మాత్రమే కొని, మూత గట్టిగా ఉన్న డబ్బాలో పోయండి. డబ్బా 400 రూపాయలు. వానాకాలంలో సంచి నేల మీద పెట్టకండి.

తోటకూర, అజొల్లా (నీళ్ల మీద తేలుతూ పెరిగే చిన్న మొక్క), చిన్న నత్తలు, వానపాములు ఎన్ని తిన్నా మంచిదే. అజొల్లా తొట్టి ఒకటి పెట్టుకుంటే మేత కొంత ఆదా అవుతుంది. బ్రెడ్డు, చిప్స్, నిన్నటి బిర్యానీ పెట్టనివ్వకండి. పిల్లల స్నేహితులు వచ్చినప్పుడు మరీ కనిపెట్టి ఉండాలి.

రకం విషయం క్లుప్తంగా చెబుతాను. గుడ్లు కావాలంటే ఖాకీ క్యాంప్‌బెల్, ఏడాదికి 250 పైన పెడుతుంది, కానీ బెదురు ఎక్కువ. తెల్లగా అందంగా ఉండే పెకిన్ మాంసం కోసం పెంచే రకం. ఒళ్లు బరువు, కాళ్ల జబ్బులు త్వరగా వస్తాయి. ఇళ్లు దగ్గర దగ్గరగా ఉన్న వీధిలో మస్కోవీ నయం, అరవదు, బుస కొడుతుంది. కాకపోతే ఎగురుతుంది, ఒకవైపు రెక్క ఈకలు కత్తిరిస్తూ ఉండాలి. నాటు బాతు అన్నిటికీ ఓర్చుకుంటుంది, గుడ్లు సగమే. బెంగళూరు దగ్గర హెసరఘట్టలోని కేంద్ర ప్రభుత్వ కోళ్ల సంస్థ బాతులనూ పెంచుతుంది కానీ నాలుగు పిల్లల కోసం అంత దూరం ఎవరు వెళ్తారు? సంతలో కొంటే కళ్లు మెరుస్తూ, బొడ్డు ఆరి, వెనుక భాగం శుభ్రంగా ఉన్న వాటిని ఏరుకోండి. భద్రకాళి చెరువులోనో వడ్డేపల్లి చెరువులోనో వలకు చిక్కిన అడవి బాతు పిల్ల అని ఎవరైనా తెస్తే ముట్టుకోకండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వాటిని పెంచడం నేరం.

గుడ్లతో మేత ఖర్చు వస్తుందా? కాగితం మీద వస్తుంది. మూడు ఖాకీలు ఏడాదికి 250 చొప్పున 750 గుడ్లు, గుడ్డు 12 రూపాయలైతే 9,000. మేత ఏడాదికి 7,800. కానీ గుడ్లు మొదలయ్యేది ఐదో నెల దాటాక, ఈకలు రాల్చే కాలంలో ఆగిపోతాయి, రెండో ఏడు దాటాక ఏటా తగ్గుతాయి. బాతు మాత్రం ఎనిమిది, పదేళ్లు బతుకుతుంది. పైగా మన దగ్గర బాతుగుడ్డు తినేవారు తక్కువ, నీచు వాసన అంటారు. ఇరుగుపొరుగుకు పంచి, మిగిలినవి ఇంట్లో వాడుకోండి. బాగా ఉడికించి తినాలి, సగం ఉడికిన గుడ్డు వద్దు. కేకుకు మాత్రం బాతుగుడ్డుకు సాటి లేదు.

మందులకు ఏడాదికి 1,000 పక్కన పెట్టండి. బాతు ప్లేగు టీకా రెండు నెలల వయసు దాటాక వేయిస్తారు. దాని సీసా మందలకు సరిపడేంత ఉంటుంది, కలిపాక నిల్వ ఉండదు. కాబట్టి దగ్గర్లోని పశువైద్యశాలలో అడిగి, మరొకరి మందకు వేసే రోజునే మీవాటినీ తీసుకెళ్లండి. మామునూరులో పశువైద్య కళాశాల ఉంది, మామూలు వైద్యులు చేతులెత్తేసిన జబ్బులకు అక్కడ చూపించవచ్చు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. బాతు ఆ వైరస్‌ను పైకి ఏ లక్షణం లేకుండా మోయగలదు. అలాంటి వార్త విన్నప్పుడు చెరువుకు తోలకుండా ఇంట్లోనే కట్టడి చేయండి, పిల్లలతో చేతులు సబ్బుతో కడిగించండి.

వేసవికి 500 పెట్టి ఆకుపచ్చ నీడ వల కొనండి. 44, 45 డిగ్రీల ఎండలో బాతులు నోరు తెరిచి రొప్పుతాయి. టబ్బు నీడలో ఉండాలి, మధ్యాహ్నం మరోసారి మార్చాలి. ఎండలో ఉన్న టబ్బు నీళ్లు స్నానానికి కాచినట్టే ఉంటాయి. గూటి పైన తడిపిన గోనెసంచులు వేయండి.

మీ ప్లాస్టిక్ కొలను సంగతి. గాలి నింపేది అసలే వద్దు, గోళ్లు తగిలి వారానికే కారుతుంది. గట్టి ప్లాస్టిక్‌ది 2,000 పైన, అందులో పట్టే నీళ్లు రోజూ ఎవరు ఒంపుతారు? ఆ డబ్బు ఇంకుడు గుంతకు పెట్టండి. టబ్బు లోపల ఒకటి, బయట ఒకటి ఇటుక వేస్తే ఎక్కి దిగడానికి చాలు. లోపలి ఇటుక మరవకండి, బయటికి రాలేక అలిసి మునిగిపోయే బాతులూ ఉంటాయి.

మీరు అడగని ఖర్చు ఒకటుంది. మేడారం జాతరకో, సంక్రాంతికి ఊరికో నాలుగు రోజులు వెళ్తే ఇంటికి తాళం వేసి పోవడానికి లేదు. పొద్దున గూడు తెరిచి, నీళ్లు మార్చి, చీకటి పడకముందే గడియ వేసే మనిషి కావాలి. మా ఇంట్లో ఆ పని ఎదురింటి పిన్నిగారు చేస్తారు, ఆ నాలుగు రోజుల గుడ్లన్నీ ఆమెవే. మీ వీధిలో బాతుగుడ్డు తినేవాళ్లు ఎవరున్నారో ఇప్పుడే కనుక్కోండి.